మౌలివాక్కం 11 అంతస్తుల బిల్డింగ్ ఎందుకు కూలింది? పిడుగా, మట్టా, పిల్లర్లా?

నాగావళి_తీరం · శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. 2014 జూన్ 28న చెన్నైలో పోరూర్ పక్కన మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల బిల్డింగ్ కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి పనికి వెళ్లినవాళ్లు. పదేళ్లు దాటినా మా వైపు ఈ మాట వస్తే "పిడుగు పడిందంట, వాళ్ల రాత" అనే అంటారు. బిల్డర్ తరఫు నుంచి మొదట వచ్చిన మాట అది. ఊళ్లలో అదే నిలిచిపోయింది.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కట్టుబడి పని తెలియదు. ఆ ప్రమాదంలో తండ్రి పోయిన పిల్లలు నా క్లాసులో చదివారు. "సార్, పిడుగు పడితే అంత బిల్డింగూ పడిపోతుందా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఇక్కడ ఇంజనీర్లు, మేస్త్రీలు, కాంట్రాక్టర్లు ఉన్నారు. అసలు ఏం జరిగి ఉంటుందో మామూలు మనిషికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా?

స్ట్రక్చర్స్_హైదరాబాద్ · శనివారం, రాత్రి 9:25

మాస్టారూ, ముందు పిల్లల ప్రశ్నకు జవాబు. పడిపోదు. ఆర్‌సీసీ (కాంక్రీట్ లోపల స్టీలు పెట్టి కట్టే) బిల్డింగులో పునాది నుంచి పై స్లాబ్ దాకా స్టీలు ఒకదానికొకటి కట్టి ఉంటుంది. పిడుగు పడితే కరెంటు ఆ స్టీలు వెంట భూమిలోకి దిగిపోతుంది. పడిన చోట పారాపెట్ మూల పగలొచ్చు, ప్లాస్టరింగ్ పెచ్చులు లేవొచ్చు, వైరింగ్ కాలిపోవచ్చు. అంతేగానీ కింద ఉన్న పిల్లర్లన్నీ ఒక్కసారి నలిగిపోవడం పిడుగుతో అయ్యే పని కాదు.

ఆ ప్రాజెక్టు పేరు ట్రస్ట్ హైట్స్. రెండు టవర్లు. ఒకటి ఫెయిత్, ఒకటి బిలీఫ్. కూలింది బిలీఫ్. పక్కనే నిలబడి ఉన్న ఫెయిత్‌ను నిపుణులు పరీక్షించి అది కూడా సురక్షితం కాదన్నారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి 2016 నవంబర్ 2న పేలుడు పదార్థాలు పెట్టి దాన్నీ పడగొట్టారు. దాని మీద పిడుగు పడిందని ఎవరూ అనలేదే! మరి దాన్నెందుకు కూల్చాల్సి వచ్చింది? నా వరకు కేసంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

కృష్ణలంక_వాసు · శనివారం, రాత్రి 9:51

నేను నా సొంత ఇల్లు దగ్గరుండి కట్టించుకున్నాను కాబట్టి కొంత తెలుసు. నా అనుమానం మెటీరియల్ మీద. ఇసుకలో మట్టి ఎక్కువ ఉండటం, సిమెంట్ బస్తాలు తగ్గించడం, నీళ్లు పోసి మాల్ (కలిపిన పచ్చి కాంక్రీట్) పలచన చేయడం, మన దగ్గర ఏ సైట్‌లో అయినా కనిపించేవి ఇవే.

కానీ స్ట్రక్చర్స్ గారూ, మీ మాటకు ఎదురు ప్రశ్న ఉంది. అదే ఇంజనీరు, అదే మట్టి, అదే వాన. ఒకటి పడి ఇంకొకటి నిలబడిందంటే పడినదానికే ప్రత్యేకంగా ఏదో జరిగినట్టు కాదా? పిడుగు వాదన అక్కడి నుంచే పుట్టింది కదా.

పోరూర్_తెలుగబ్బాయి · శనివారం, రాత్రి 10:20

నేను అటు వైపే ఉంటాను. ఆ రోజు శనివారం, సాయంత్రం పెద్ద వాన. తడవకుండా పనివాళ్లు బిల్డింగ్ కిందికి చేరారని తర్వాత అందరూ చెప్పుకున్నారు. అంతమంది ఒకేచోట ఇరుక్కుపోవడానికి కారణం అదే. ప్రాణాలతో బయటికి తీసింది 27 మందిని. మూడు రోజుల తర్వాత కూడా ఒకరిని బతికుండగా తీశారు.

ఇంజనీర్లకు పనికొస్తుందని ఒక సంగతి చెబుతాను. ఆ బిల్డింగ్ పక్కకు ఒరిగి పడలేదు. ఉన్నచోటే కుప్పయింది. స్లాబ్ మీద స్లాబ్ పేర్చినట్టు పడి, మధ్యలో పిల్లర్ అన్నదే కనపడకుండా పోయింది. దగ్గర్లో పోరూర్ చెరువు ఉంది కాబట్టి మట్టి మెత్తన అని మా ఏరియాలో అందరూ మట్టినే తిట్టేవాళ్లు.

మట్టి_పరీక్ష · ఆదివారం, ఉదయం 7:05

పోరూర్ గారు చెప్పింది చాలా విలువైన ఆధారం. పడిన తీరును బట్టి చాలా తెలుస్తుంది.

మట్టి ఒక్కటే మోసం చేస్తే బిల్డింగ్ సాధారణంగా ఒక పక్కకు కుంగుతుంది, ఒరుగుతుంది. 2009 జూన్‌లో షాంఘైలో 13 అంతస్తుల కొత్త అపార్ట్‌మెంట్ ఇలాగే పడింది. ఒక పక్క అండర్‌గ్రౌండ్ పార్కింగ్ కోసం గొయ్యి తవ్వి, ఆ మట్టినంతా రెండో పక్క గుట్ట పోశారు. వాన పడింది. ఆ మట్టి బరువుకు కింది నేల పక్కకు జరిగి పైల్స్ (నేలలో లోతుగా దించిన పునాది స్తంభాలు) విరిగాయి. బిల్డింగ్ మాత్రం కిటికీ అద్దాలతో సహా ఒక్క ముక్కగా పక్కకు పడుకుంది. ఫొటోలు చూసే ఉంటారు. పునాది పోయినా పైన పిల్లర్లూ స్లాబులూ గట్టిగా ఉన్నాయి కాబట్టి అలా పడింది.

మౌలివాక్కంలో అలా కాలేదు. ఉన్నచోటే కూర్చుండిపోయిందంటే నా కన్ను ముందు కింది అంతస్తుల పిల్లర్ల మీద పడుతుంది. మట్టికి పాత్ర లేదనడం లేదు. పునాది ఒకచోట రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ దిగినా ఆ పిల్లర్ మోసే బరువు పక్క పిల్లర్ మీద పడుతుంది. ఆ పక్క పిల్లర్ అప్పటికే నిండా మోస్తుంటే అక్కడితో అయిపోతుంది. బంకమట్టి నానితే మోసే శక్తి తగ్గుతుందన్నది కొత్త సంగతేం కాదు, చెరువు పక్కన కట్టేవాడు ఆ లెక్క ముందే వేసుకోవాలి. బోర్ వేసి మట్టి తీసి, నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఎంత మోస్తుందో చూసి, చాలకపోతే పైల్స్ వేయాలి. జూన్‌లో వాన పడటం ఏ ఇంజనీరుకైనా తెలియని విషయమా?

స్ట్రక్చర్స్_హైదరాబాద్ · ఆదివారం, ఉదయం 8:30

వాసు గారి ప్రశ్నకు జవాబు లెక్కతో చెప్తాను. ఇది మౌలివాక్కం డ్రాయింగ్ కాదు. మన ఊళ్లల్లో మామూలుగా కనిపించే కొలతలతో వేసిన ఉదాహరణ మాత్రమే. లెక్కల మాస్టారు కాబట్టి నాగావళి గారికి సులువుగా అర్థమవుతుంది.

మధ్యలో ఉన్న ఒక పిల్లర్ తీసుకోండి. చుట్టూ 20 చదరపు మీటర్ల స్లాబ్ దాని మీద ఆధారపడి ఉందనుకుందాం. ఒక్కో అంతస్తు నుంచి స్లాబ్, బీమ్‌లు, పిల్లర్ సొంత బరువు కలిపి సుమారు 12 టన్నులు వస్తుంది. ఇటుక గోడలు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ పడ్డాక ఇంకో 8 టన్నులు. జనం, సామాను వచ్చాక ఇంకో 4. అంటే అంతస్తుకు 24. మొత్తం 12 స్లాబులు అనుకుంటే అస్థిపంజరం నిలబెట్టేనాటికి 144 టన్నులు, గోడలు టైల్స్ అయ్యేనాటికి 240, జనం చేరాక 288.

ఇప్పుడు కింద అంతస్తులో 9 అంగుళాలు బై 24 అంగుళాల పిల్లర్, ఎం20 (మామూలుగా వాడే గ్రేడు) కాంక్రీట్, 2 శాతం స్టీలు పెట్టారనుకోండి. ఐఎస్ 456 (కాంక్రీట్ కట్టడాలకు మన దేశ ప్రమాణం) కోడ్ ప్రకారం దాని డిజైన్ బలం 190 టన్నులు. కోడ్ అడిగేది 288కి ఒకటిన్నర రెట్లు, అంటే 432. సగానికి సగం కూడా లేదు. అయినా నిర్మాణంలో అది పడదు! ఎందుకంటే కోడ్ పెట్టిన మార్జిన్లన్నీ తీసేసి చూస్తే ఆ పిల్లర్ నిజంగా నలిగే బరువు 270 నుంచి 300 టన్నుల మధ్య ఉంటుంది. 144 దగ్గర గట్టిగా నిలబడుతుంది. ఓనర్ చూసి "బ్రహ్మాండంగా ఉంది" అంటాడు. 240 దగ్గర కూడా నిలబడుతుంది, కానీ ఇక అక్కడ కాంక్రీట్ లోపల పని మొదలవుతుంది. తన బలంలో సుమారు 80 శాతం దాటిన బరువు ఎడతెగకుండా ఉంటే కాంక్రీట్ ఆ క్షణంలో కాకపోయినా కొన్ని గంటలకో, వారాలకో, నెలలకో లొంగిపోతుంది. లోపలి సన్నని పగుళ్లు ఒకదానితో ఒకటి కలుస్తూ పోతాయి.

అందుకే వాసు గారూ, రెండు టవర్లలో ఒకటే ముందు పడటంలో వింతేమీ లేదు. రెండూ అంచు మీదే ఉన్నాయి. ఒకదానిలో ఒక పిల్లర్‌కు వైబ్రేటర్ (పచ్చి కాంక్రీట్‌ను కుదిపి సర్దే మిషన్) సరిగా పెట్టలేదేమో, ఒక లారీ మాల్‌లో నీళ్లు ఎక్కువయ్యాయేమో, ఒకచోట పునాది కాస్త దిగిందేమో. ఏది ముందు పడిందో ఆ చిన్న తేడా తేల్చింది. అంచు దాకా ఎవరు తెచ్చారన్నది అసలు ప్రశ్న. నిపుణుల పరిశీలనలో పిల్లర్ల సైజు మోయాల్సిన బరువుకు సరిపోదనే తేలింది.

కృష్ణలంక_వాసు · ఆదివారం, ఉదయం 8:58

ఈ లెక్క ఇంతవరకు నాకెవరూ చెప్పలేదు సార్. అంటే స్లాబులన్నీ వేసేశాక నిలబడిందని నమ్మడానికి లేదన్నమాట. గోడలు కడుతున్నప్పుడు, టైల్స్ వేస్తున్నప్పుడు కూడా పడొచ్చు.

స్ట్రక్చర్స్_హైదరాబాద్ · ఆదివారం, ఉదయం 9:02

అవునండీ. పైగా టైల్స్ బాక్సులు, సిమెంట్ బస్తాలు, ఇటుకలు ఒకే మూల గుట్టగా పోస్తారు చూడండి, ఆ అంతస్తు డిజైన్‌లో అనుకున్నదానికంటే ఎక్కువ బరువు అక్కడే పడుతుంది.

పైడితల్లి_సెంట్రింగ్ · ఆదివారం, మధ్యాహ్నం 1:15

అయ్యలారా, నేను చదువుకున్నది తక్కువ. సెంట్రింగ్ పనిలో (స్లాబ్ పోయడానికి అచ్చులు, ఊతాలు కట్టే పని) చిన్నప్పటి నుంచీ ఉన్నాను. మాది విజయనగరం జిల్లా. చెన్నైలో, బెంగళూరులో, హైదరాబాద్‌లో చేశాను. మౌలివాక్కం సైట్‌లో నేను చేయలేదు, కాబట్టి అక్కడేం జరిగిందో నేను చెప్పను. కానీ కూలే బిల్డింగ్ ఎలా తయారవుతుందో చెప్తాను.

సెంట్రింగ్ వాడికి షీట్లు, జాకీలు (స్లాబ్‌ను కింద నుంచి మోసే ఊతాలు) ఎన్ని ఉంటే అంత పని. రెండు సెట్లే ఉంటాయి. పై స్లాబ్ వేయాలంటే కింద స్లాబ్ జాకీలు పీకి పైకి ఎక్కించాలి. కాంట్రాక్టర్‌కు స్లాబ్ పడితేనే బిల్లు. బిల్లు వస్తేనే మాకు బట్వాడా. శనివారం డబ్బులు అందాలంటే గురువారం పీకేస్తారు. ఇది తప్పని మాకు తెలియక కాదు. "ఇంకో నాలుగు రోజులు ఉంచండయ్యా" అన్న మేస్త్రీని పక్కన పెట్టి ఇంకో ముఠాను తెచ్చుకున్న సైట్ నాకు తెలుసు.

ఇంకోటి పంపు దగ్గర. రెడీమిక్స్ లారీ ట్రాఫిక్‌లో ఆలస్యమైతే మాల్ గట్టిపడుతుంది. పైప్ జామ్ అవుతుంది. అప్పుడు పంపు కుర్రాడు పైపు తీసి డ్రమ్ములో నీళ్లు వదులుతాడు. మాల్ జారుడుగా వస్తుంది, అందరికీ పని సులువు. ఆ మాల్ పిల్లర్‌లో పోస్తే అడుగున కంకర దిగి, పైన ఒట్టి రసం తేలుతుంది. బాక్స్ విప్పాక చూస్తే అడుగున కంకర కంకరగా, వేలు దూరేంత సందులు. ఇంజనీరు రాకముందే దాని మీద సిమెంట్ పాలు పూసేస్తారు. ఆ తర్వాత ప్లాస్టరింగ్ వస్తుంది. లోపల ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

రింగుల సంగతి కూడా చెప్పాలి. పిల్లర్ స్టీలుకు రింగులు (నిలువు కడ్డీల చుట్టూ కట్టే సన్న కడ్డీలు) ఆరంగుళాలకు ఒకటి అని డ్రాయింగ్‌లో ఉంటే మధ్యలో తొమ్మిది, పది చేసేవాళ్లున్నారు. రింగు కొన లోపలికి వంచాలంటే చెయ్యి నొప్పి, టైం పడుతుంది. తొంభై డిగ్రీలకు వంచి వదిలేస్తారు. పిల్లర్ నలిగేటప్పుడు మొదట విచ్చుకునేది ఆ రింగే.

స్ట్రక్చర్స్_హైదరాబాద్ · ఆదివారం, మధ్యాహ్నం 1:40

పైడితల్లి గారూ, మీరు రాసింది ప్రతి ఇంజనీరూ చదవాలి. జాకీల గురించి కోడ్ చెప్పేది ఇక్కడ పెడుతున్నాను, అందరికీ పనికొస్తుంది. మామూలు సిమెంట్ వాడి, 15 డిగ్రీల కంటే ఎక్కువ వేడి ఉన్నప్పుడు 4.5 మీటర్ల లోపు స్లాబుకు జాకీలు 7 రోజులు ఉండాలి. అంతకంటే వెడల్పయితే 14 రోజులు. బీమ్‌ల కింద 6 మీటర్ల లోపు అయితే 14, దాటితే 21. పైన ఇంకో స్లాబ్ వేస్తుంటే ఇవి కూడా చాలవు, కింది రెండు మూడు అంతస్తుల్లో జాకీలు ఉంచాలి. వెయ్యి చదరపు అడుగుల 5 అంగుళాల స్లాబ్ అంటే 29 టన్నుల పచ్చి మాల్. దాని బలం దానికి రానంత వరకు ఆ 29 టన్నులూ కింది స్లాబే మోస్తుంది.

వర్జీనియా_తెలుగు · ఆదివారం, సాయంత్రం 6:10

జాకీల మాట వచ్చింది కాబట్టి మా దగ్గర జరిగినది చెప్తాను. వాషింగ్టన్ పక్కన ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడ బెయిలీస్ క్రాస్‌రోడ్స్‌లో 1973 మార్చి 2న స్కైలైన్ ప్లాజా అనే అపార్ట్‌మెంట్ టవర్ నిర్మాణంలో ఉండగా కూలి 14 మంది పనివాళ్లు చనిపోయారు. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ దాన్ని పరీక్షించింది. 22వ అంతస్తు మీద జాకీలు తొందరగా తీసేశారు. చలికాలం కావడంతో కాంక్రీట్‌కు బలం నెమ్మదిగా వస్తోంది. బీమ్‌లు లేని ఫ్లాట్ స్లాబ్ అది. నానిన అట్టలోంచి గొడుగు మొన దిగినట్టు పిల్లర్లు స్లాబ్‌ను పొడుచుకుని పైకి వచ్చేశాయి. ఆ స్లాబ్ కింది దాని మీద, అది దాని కింది దాని మీద పడుతూ నేల దాకా చీలిపోయింది.

మన దగ్గర కూడా ఈ మధ్య సీలింగ్ ఎత్తు కోసమని బీమ్‌లు లేని స్లాబులు ఎక్కువయ్యాయి. వాటిలో పిల్లర్ చుట్టూ ఉండే చోటే ప్రమాదం. అక్కడ స్టీలు పనివాళ్ల కాళ్ల కింద నలిగి కిందికి దిగిపోతే మందం స్లాబ్ వేసినా దాని ఉపయోగం తగ్గిపోతుంది.

మౌనంగా_చదివేవాడు · ఆదివారం, సాయంత్రం 6:45

అసలు విషయం ఎవరూ మాట్లాడటం లేదు. పర్మిషన్ ఇచ్చినవాళ్లు డబ్బులు తినకుండా ఇదంతా జరుగుతుందా? నాకు తెలిసిన ఒక ఆఫీసర్ పేరు చెప్పమంటారా?

మోడరేటర్ · ఆదివారం, సాయంత్రం 7:20

పేర్లు వద్దండి. ఆధారం లేకుండా ఒక వ్యక్తి మీద నింద వేసే పోస్టులు ఇక్కడ ఉంచం. తర్వాత వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. అనుమతుల పద్ధతి ఎలా ఉండాలో ఎంతైనా రాయండి.

మట్టి_పరీక్ష · ఆదివారం, రాత్రి 8:00

అనుమతుల గురించి ఒక అపోహ పోవాలి. ప్లాన్ అప్రూవల్ అంటే ప్రభుత్వం డిజైన్ చూసి సంతకం పెట్టిందని జనం అనుకుంటారు. వాళ్లు చూసేది సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు, రోడ్డు వెడల్పు, పార్కింగ్. పిల్లర్‌లో ఎన్ని కడ్డీలు ఉన్నాయో చూసేది కాదు. మౌలివాక్కం తర్వాత చెన్నై అభివృద్ధి సంస్థ కూడా ఇదే చెప్పింది. స్ట్రక్చర్ బాధ్యత బిల్డర్‌ది, ఆయన పెట్టుకున్న ఇంజనీర్లది అని. ఇంజనీరు జీతం బిల్డర్ ఇస్తాడు. అప్పుడు పిల్లర్ పెంచమని ఇంజనీరు గట్టిగా చెప్పగలడా? బిల్డర్‌తో సంబంధం లేని రెండో ఇంజనీరు డిజైన్ తిరగేసి చూడాల్సిందే. టైల్స్‌కే పది లక్షలు ఖర్చు పెట్టేవాళ్లకు ఇది బరువు కాదు.

అమీన్‌పూర్_సుజాత · ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. ఈ చర్చ చదువుతుంటే టెన్షన్ వచ్చేసింది. మేము ఒక 9 అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ బుక్ చేశాం, ఇప్పుడు ఆరో స్లాబ్ నడుస్తోంది. బిల్డర్‌ను ఏం అడగాలి? మావారు "మనకేం అర్థమవుతుంది, ఊరుకో" అంటున్నారు. అలాగే నానక్‌రామ్‌గూడలో కూడా ఇలాగే ఒకటి కూలింది కదా, అది ఎందుకు?

స్ట్రక్చర్స్_హైదరాబాద్ · ఆదివారం, రాత్రి 9:55

సుజాత గారూ, అడగడం మీ హక్కు. సాయిల్ టెస్ట్ రిపోర్ట్ కాపీ అడగండి. స్ట్రక్చరల్ డ్రాయింగ్ మీద ఇంజనీరు పేరు, సంతకం ఉన్నాయో చూడండి. ప్రతి స్లాబ్‌కు తీసిన క్యూబుల రిజల్ట్స్ అడగండి. ఆరు అంగుళాల కాంక్రీట్ గడ్డలు పోసి 7 రోజులకు, 28 రోజులకు మిషన్‌లో నలిపి చూస్తారు. 7 రోజులకు సుమారు మూడింట రెండు వంతుల బలం రావాలి. రిజిస్టర్ చూపించమంటే చూపించలేని సైట్ గురించి మీరే ఆలోచించుకోండి. అనుమతి ఎన్ని అంతస్తులకు ఉందో రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో చూసి, కడుతున్న అంతస్తులతో పోల్చుకోండి.

నానక్‌రామ్‌గూడ సంగతి వేరు, కానీ మూలం దగ్గరదే. 2016 డిసెంబర్ 8 రాత్రి కడుతున్న ఏడంతస్తుల బిల్డింగ్ కూలి 11 మంది చనిపోయారు. చిన్న స్థలంలో, అనుమతి లేకుండా లేపిన అంతస్తులు. పనివాళ్ల కుటుంబాలు అందులోనే కాపురం ఉన్నాయి. రాత్రిపూట కూలినా అంతమంది పోయింది అందుకే.

నాగావళి_తీరం · ఆదివారం, రాత్రి 10:05

అక్కడ పోయినవాళ్లలో కూడా విజయనగరం వాళ్లున్నారు. ఛత్తీస్‌గఢ్ వాళ్లు, మావాళ్లు. ఊరు మారింది, చచ్చిపోయేవాళ్లు మారలేదు.

కొండాపూర్_కిరణ్ · ఆదివారం, రాత్రి 10:30

2024 నవంబర్‌లో గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్‌లో ఒరిగిన బిల్డింగ్ మా ఆఫీసుకు దగ్గర. 50 గజాల స్థలం, పైకి నాలుగంతస్తులు. పక్క ప్లాట్‌లో పునాదికని గుంత తవ్వగానే ఒరిగింది. అందరూ బయటికి పరుగెత్తారు కాబట్టి బతికారు. మర్నాడు మిషన్ పెట్టి కూల్చేశారు. తెలంగాణలో 75 గజాల లోపు స్థలానికి కింద ఒకటి, పైన ఒకటి కట్టుకోవడానికి పర్మిషన్ అక్కర్లేదు, రిజిస్టర్ చేసుకుంటే చాలు. పేదవాడికి ఊరటగా పెట్టిన నియమం అది. దాన్ని పట్టుకుని నాలుగు లేపేస్తున్నారు, అద్దెల కోసం. పక్కవాడు తవ్వేటప్పుడు మన పునాది పక్కన మట్టి జారకుండా అడ్డు కట్టాలని చెప్పే నాథుడు లేడు.

గుంటూరు_లాయరు · సోమవారం, ఉదయం 7:40

మాస్టారు మొదట్లో అన్న పిడుగు మాటకు చట్టం వైపు నుంచి ఒక సంగతి చెప్పాలి. ఆ మాట ఊరికే పుట్టదు.

పిడుగు పడిందని తేలితే అది ఎవరి తప్పూ కాదు. క్రిమినల్ కేసు బలహీనపడుతుంది. నిర్లక్ష్యం అని తేలితే అప్పట్లో ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 304-ఏ కింద రెండేళ్ల వరకు జైలు. ప్రాణాలు పోతాయని తెలిసీ చేశారని తేలితే 304 రెండో భాగం కింద పదేళ్ల వరకు. కారణం ఏమిటన్నదాన్ని బట్టి శిక్ష ఇంతగా మారుతుంది. అందుకే కూలిన గంటల్లోనే ఏదో ఒక ప్రకృతి కారణం బయటికి వస్తుంది. తమిళనాడు ప్రభుత్వం దీని మీద రిటైర్డ్ జడ్జి ఆర్.రెగుపతితో ఏకసభ్య కమిషన్ వేసింది.

కానీ చనిపోయిన పనివాడి కుటుంబానికి ఒక మాట గట్టిగా చెప్పండి. 1923 నాటి పరిహార చట్టం (2025 నవంబర్ నుంచి దాని స్థానంలో సామాజిక భద్రత కోడ్) ప్రకారం పనిలో ఉండగా, పని వల్ల ప్రమాదం జరిగితే యజమాని తప్పు రుజువు చేయనక్కర్లేదు. "పిడుగు కదా, ఇంకేం వస్తుందిలే" అని ఇంటికి వెళ్లిపోకూడదు. రాష్ట్రం దాటి పనికి తీసుకెళ్లే మేస్త్రీకి లైసెన్స్ ఉండాలని, పనివాళ్ల పేర్లు నమోదు చేయాలని 1979లోనే చట్టం వచ్చింది. కట్టుబడి పనివాళ్లకు 1996 చట్టాల కింద సంక్షేమ బోర్డు, దానికి నిర్మాణ ఖర్చు మీద సెస్సు వచ్చాయి. పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేనివాడు శిథిలాల కింద ఉన్నాడని చెప్పడానికి కూడా ఎవరో ఒకరు గుర్తుపట్టాల్సి వస్తుంది.

నాగావళి_తీరం · సోమవారం, ఉదయం 8:15

లాయరు గారూ, నాకు కావలసిన జవాబు దొరికింది. మా ఊళ్లల్లో "రాత" అని వదిలేసింది ఇన్నాళ్లూ ఎవరికి మేలు చేసిందో ఇప్పుడు అర్థమైంది. స్ట్రక్చర్స్ గారి 144, 240, 288 లెక్కను పదో తరగతి పిల్లల చేత వేయిస్తాను. సెలవుల్లో అన్నలతో పాటు సైట్లకు వెళ్లే పిల్లలున్నారు నా క్లాసులో.

పైడితల్లి అన్నా, వాళ్ల కోసం ఒకటి అడుగుతాను. పనిలో ఉన్న కుర్రాడు ఏం చూస్తే వెంటనే బయటికి రావాలి?

పైడితల్లి_సెంట్రింగ్ · సోమవారం, మధ్యాహ్నం 12:50

మాస్టారూ, స్లాబ్ మీద సన్నని పగుళ్లన్నిటికీ భయపడనక్కర్లేదు, చాలావరకు ఎండకు వచ్చేవే. పిల్లర్ చూసుకోమనండి, అదీ కింద అంతస్తువి. పిల్లర్ మీద నిలువుగా పగులు కొత్తగా వచ్చినా, మూల నుంచి పెచ్చు ఊడి రింగు కనిపించినా, కడ్డీ బయటికి ఉబ్బినట్టున్నా ఇక మేస్త్రీని అడగక్కర్లేదు. జాకీ మీద చెయ్యి వేస్తే మామూలుగా కదలదు, గట్టిగా ఉంటుంది. నిన్న పెట్టిన జాకీ ఈరోజు వదులుగా ఆడినా, ఉన్నట్టుండి వంగినా పైన ఏదో జరుగుతోందని లెక్క. చప్పుడు కూడా వస్తుంది, ఎండు కర్ర విరిగినట్టు టక్ టక్ మని. ఆ చప్పుడు విన్నాక పనిముట్ల కోసం వెనక్కి వెళ్లినవాళ్లు పోయారని పెద్ద మేస్త్రీలు చెప్పేవాళ్లు.

ఇంకోటి. వాన వస్తే కడుతున్న బిల్డింగ్ కిందికి దూరకండి, ముందు రోజే స్లాబ్ వేసి ఉంటే అసలే వద్దు. రాత్రి పడకకు సెల్లార్ ఇస్తామంటే రేకుల షెడ్డే అడగండి.

స్ట్రక్చర్స్_హైదరాబాద్ · సోమవారం, మధ్యాహ్నం 1:30

దీనికి ఒకటి కలుపుతాను. బయటికి వచ్చాక గోడ పక్కన నిలబడొద్దు. బిల్డింగ్ ఎంత ఎత్తుందో కనీసం అంత దూరం వెళ్లాలి. 2024 మేలో బాచుపల్లిలో కూలింది బిల్డింగ్ కాదు, పెద్ద వానకు అపార్ట్‌మెంట్ సైట్ రిటైనింగ్ వాల్ (మట్టి జారకుండా ఆపే గోడ) పక్కనున్న పనివాళ్ల షెడ్ల మీద పడింది. ఏడుగురు పోయారు, వాళ్లలో నాలుగేళ్ల పిల్లాడు ఉన్నాడు. అందుకే పైడితల్లి గారు చెప్పిన రేకుల షెడ్డు కూడా ఏ గోడ పక్కనా, తవ్విన గొయ్యి అంచునా వేయకుండా చూసుకోమనండి.

అమీన్‌పూర్_సుజాత · సోమవారం, రాత్రి 9:20

ఈరోజు సాయంత్రం సైట్‌కు వెళ్లి క్యూబ్ రిజిస్టర్ అడిగాం. సైట్ ఇంజనీరు నాలుగో స్లాబ్ దాకా చూపించారు. ఐదోదానికి 28 రోజుల రిజల్ట్ ఇంకా రాలేదట, కానీ ఆరోది వేసేస్తున్నారు. ఇది మామూలేనా సార్?

స్ట్రక్చర్స్_హైదరాబాద్ · సోమవారం, రాత్రి 9:45

28 రోజులు ఆగి పై స్లాబ్ వేసేవాళ్లు ఎక్కడా ఉండరు, అది తప్పు కాదు. ఐదోదాని 7 రోజుల రిజల్ట్ చూపించమనండి. ఐదో స్లాబ్ కిందా, నాలుగో స్లాబ్ కిందా జాకీలు ఇంకా ఉన్నాయో లేదో మీ కళ్లతో చూడండి. ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.